పర్లేదు గీత

రెండు వేల డెబ్బై ఒకటో సంవత్సరంలో ఏ వస్తువు ఎలా ఉందో ఎవరూ ఎవరినీ అడగడం లేదు. దుకాణంలో ప్రతి వస్తువు పక్కనా నున్నటి పీట ఒకటి ఉంటుంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఆ వస్తువును అంతకుముందు వాడిన వేలమంది చేతులకు ఏమనిపించిందో మన చేతికీ అనిపిస్తుంది. శాస్త్రవేత్తలు దీనికి హాప్టిక్ రివ్యూ అని పేరు పెట్టారు గానీ అది జనం నోట్లో తిరగలేదు. చేతిచవి అన్నారు. పీటను చవిపీట అన్నారు. అవే స్థిరపడిపోయాయి.

పీటకు రెండు గుండీలు. పచ్చది మేలు, ఎర్రది కీడు. పచ్చ గుండీ నొక్కితే ఆ వస్తువులోని సుఖాలన్నీ ఒక నిమిషం పాటు చేతిలోకి వస్తాయి. ఎర్రది నొక్కితే కష్టాలు వస్తాయి. మిక్సీ కొనడానికి వచ్చినవాళ్లు ఎర్ర గుండీ నొక్కి, ఆ అదురుకి 'అమ్మబాబోయ్' అంటూ చెయ్యి వెనక్కి లాక్కోవడం దుకాణాల్లో రోజూ చూసే తమాషా.

పూర్వం ఇంత సులువు కాదట. కొన్నవాళ్లు అయిదు నక్షత్రాలు, రెండు నక్షత్రాలు అంటూ రాసేవారట. అందులో కొనకుండానే రాసినవాళ్లుండేవారు, పక్క కంపెనీ మీద కడుపుమంటతో రాసినవాళ్లుండేవారు. చదివినవాడికి ఉన్న మతి కాస్తా పోయేది. అందుకే, మాట అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడదు అన్న సూత్రం మీద చేతిచవిని కనిపెట్టారు. ఆ సూత్రంలో ఎంత నిజముందో చెప్పడానికే ఈ కథ.

ఒక సోమవారం పొద్దున్న, విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఉన్న ఒక దుకాణానికి లెంక యశస్విని తనిఖీకి వచ్చింది. ఆమె అంగుళి అనే సంస్థలో అనుభవ విభాగానికి అధిపతి. ఆ సంస్థ తయారుచేసిన 'చురుకు-7' అనే గేమింగ్ మౌస్ అప్పటికే పదకొండు లక్షల ఇళ్లల్లో ఉంది. తలపుతో నడిచే ఆటలు, చూపుతో నడిచే ఆటలు వచ్చి వెళ్లిపోయాయి. తలపుకి తొందరెక్కువ, పోటీల్లో కొంప ముంచుతుంది. చివరికి ఆటగాళ్లందరూ మళ్లీ చేతినే నమ్ముకున్నారు.

కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆసామి చురుకు-7 పీట మీద చెయ్యి పెట్టి పచ్చ గుండీ నొక్కాడు. అతని మొహం వెలిగిపోయింది.

"ఓర్నీ, వెన్నలా ఉందే! బొత్తం మీద వేలు వేసేలోపే పలుకుతోంది."

తర్వాత ఎర్ర గుండీ నొక్కాడు. కాసేపు చూశాడు. మళ్లీ నొక్కాడు. అరచేతిలో కొంచెం చెమట పట్టినట్టు అనిపించింది, అంతే.

"ఇది పనిచేస్తోందా అసలు?" అన్నాడు.

"అదే సార్ దీని గొప్పతనం. కీడు లేని వస్తువు" అంది అమ్మే అమ్మాయి.

"అత్తారింటి పెసరట్టులో కూడా ఏదో ఒక వంక దొరుకుతుంది కదమ్మా! సరే, ఇచ్చెయ్యి ఒకటి."

యశస్విని అటు తిరిగి, అవసరం లేకపోయినా పీట వెనక తీగలు సవరించింది. ఆమె చెవులు వేడెక్కాయి. ఈ మౌస్‌ను ఎవరు మెచ్చుకున్నా ఆమెకు మూడు నెలలుగా ఇదే వరస.

బల్ల చివర అభిప్రాయాల పుస్తకం ఉంది. ఇప్పుడు అందులో రాసే దిక్కు లేకపోయినా, చట్టంలో ఉంది కాబట్టి ప్రతి దుకాణమూ ఒకటి ఉంచుతుంది. యశస్విని ఊరికే తెరిచింది. ఒక పేజీలో పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి.

'నేను పైల పైడమ్మని. జాలారిపేట కొండ. ఈ మౌసుకి మొట్టమొదట చెయ్యి అరువిచ్చింది మా ఆయనే. ఇప్పుడా సెయ్యి పనికి రాట్లేదు. సిటికినేలూ దాని పక్కనేలూ చల్లబడిపోనాయి. ఎర్ర గుండీ మూడుసార్లు నొక్కినాను. ముప్పయ్యేళ్లు పట్టుకున్న సెయ్యి నాకు తెల్దా. దాని నొప్పి ఇందులో లేదు. ఎక్కడ పెట్టీసినారు?'

యశస్విని చుట్టూ చూసింది. పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. చింపిన చప్పుడు దుకాణమంతా వినిపించి ఉంటుందనిపించి ఒళ్లు ఝల్లుమంది. ఎవరూ తల తిప్పలేదు.

ఆ నొప్పి ఎక్కడ పెట్టారో ఆమెకు తెలుసు. పెట్టింది ఆమే.

వేలమంది చేతుల అనుభవాలను కలిపి ఒకటిగా చేసే యంత్రం అంగుళి సంస్థ ప్రయోగశాలలో ఉంది. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది. అందరూ కలగూర అంటారు. అది మాట్లాడుతుంది కూడా. గదిలోకి ఎవరు వచ్చినా, గదిలోంచి ఎవరు వెళ్లినా 'ఎలా ఉన్నారు?' అని అడగడం దానికి నేర్పిన మర్యాద. చెప్పిన జవాబు రాసి పెట్టుకోవడం దాని పని.

కలగూరకు చేతిలోంచి వచ్చే సంకేతం తెలుస్తుంది. ఆ సంకేతానికి పది మెట్లు ఉంటాయి. కానీ ఏ మెట్టు దాకా మామూలు, ఏ మెట్టు నుంచి నొప్పి అన్నది దానికి తెలియదు. ఆ ముక్క మనిషే చెప్పాలి. అందుకని ప్రతి వస్తువుకూ ఒక మనిషి చేతిని ప్రమాణహస్తంగా పెట్టుకుంటారు. ఒక్కో మెట్టు దగ్గరా యంత్రం మూడుసార్లు అడుగుతుంది. ఆ మనిషి 'నొప్పి' అన్నచోట గీత గీస్తుంది. గీతకు కింద ఉన్నదేదీ ఎర్ర గుండీలోకి వెళ్లదు.

చురుకు-7కు ప్రమాణహస్తం పైల సింహాచలానిది. ఆయన వలలు కుట్టే మనిషి. సముద్రం ముందుకు వచ్చాక జాలారిపేటను కొండ మీదికి మార్చారు. పడవలు మనుషులు లేకుండానే వెళ్లి వస్తున్నాయి, వలలు యంత్రాల్లోంచి దిగుతున్నాయి. వలముడి వేసే వేళ్లకున్న వేగం పోటీ ఆటగాళ్ల వేళ్లకు కూడా లేదని కనిపెట్టి, సంస్థ ప్రధాన శాస్త్రవేత్త గొర్లె త్రినాథ్ ఆయన్ని పిలిపించాడు. నాలుగు నెలలు రోజుకి ఎనిమిది గంటలు, తెర మీద ఎగిరే చేపల్ని కొట్టే ఆట ఆడించారు. 'సముద్రంలో ఏనాడూ ఇన్ని పడలేదమ్మా' అని నవ్వేవాడు సింహాచలం.

ఆ మౌస్‌లో కొత్త సంగతి తిరుగుపట్టు. మనం మౌస్‌ను పట్టుకున్నట్టే అది కూడా మన అరచేతిని అయస్కాంతంతో సన్నగా పట్టుకుంటుంది. జారదు. గురి తప్పదు. ఆటగాళ్లు పడి చచ్చింది దీనికే. అయితే నాలుగు గంటలు దాటాక ఆ పట్టు అరచేతి అంచున ఉన్న నరాన్ని నొక్కుతుంది. ఉంగరంవేలు, చిటికెనవేలు మొదట జివ్వుమంటాయి, తర్వాత మండుతాయి, ఆ తర్వాత ఊరుకుంటాయి.

గీత గీసిన రోజున కలగూర ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టింది.

"ఎలా ఉంది?"

"పర్లేదు."

రెండో మెట్టుకీ పర్లేదు. మూడుకీ, నాలుగుకీ పర్లేదు. అయిదు దగ్గర సింహాచలం నుదుటి మీద చెమట పట్టింది. ఆరు దగ్గర కాలు బల్లకేసి నొక్కిపెట్టుకున్నాడు. "పర్లేదమ్మా" అన్నాడు, ఈసారి యంత్రంతో కాదు, యశస్వినితో. ఏడు దాటాక మాట రాక ఊరుకున్నాడు. జవాబు ఆగిన చోటే నొప్పిగా లెక్క కాబట్టి, కలగూర ఏడు దగ్గర గీత గీసింది. దాని కింద యశస్విని సంతకం పెట్టింది.

ఆ తర్వాత అందరికీ టీలు వచ్చాయి. సింహాచలం కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. యశస్విని చూసింది. ఆయన కుడిచేతివాటం మనిషని ఆమెకు నాలుగు నెలలుగా తెలుసు. మౌస్ విడుదలకు పది రోజులే ఉంది. ఆమె కళ్లు తిప్పేసుకుని, చక్కెర సరిపోయిందా అని అడిగింది. కావలసింది అది కాదని ఆ క్షణంలోనే ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

చింపిన పేజీతో యశస్విని తిన్నగా త్రినాథ్ గదికి వెళ్లింది. ఆయనకు అరవై దాటాయి. చేతిచవిని కనిపెట్టినవాళ్లలో ఆయనొకడు. ఎదురుగా బల్ల మీద ప్రమాణాల మండలికి వెళ్లాల్సిన కాగితాలున్నాయి. గురువారం నాడు చురుకు-7 గీతను అన్ని వస్తువులకూ ప్రమాణంగా ఖాయం చేయబోతున్నారు. కుర్చీలకీ, బడిసంచులకీ, ఆస్పత్రి మంచాలకీ అదే గీత. ఆ తర్వాత ఏడో మెట్టుకి కింద ఉన్న నొప్పి ఈ దేశంలో లెక్కలోకి రాదు.

"గీత తప్పు సార్. ఆయనకు మూడో నాలుగో మెట్టు దగ్గరే నొప్పి వచ్చింది. చెప్పలేదు."

"చెప్పకపోతే మనకెలా తెలుస్తుందమ్మా? పర్లేదన్నాడు. పర్లేదంటే బాగుందనే కదా. మా అమ్మాయి పెళ్లికొడుకుని చూసి పర్లేదంది. పెళ్లి చేశాం. సుఖంగా ఉన్నారు."

"మా నాన్న ఆస్పత్రిలో ఆఖరి రోజు కూడా పర్లేదనే అన్నారు సార్."

త్రినాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"గీత దించితే పదకొండు లక్షలూ వెనక్కి రప్పించాలి. నువ్వూ నేనూ ఉండం, అది తెలుసా?"

"తెలుసు."

"చూడు యశస్వీ, నేను రాక్షసుణ్ణి కాను. కానీ ప్రమాణహస్తం మాట మీద గీసిన గీతను మళ్లీ ఆ మనిషి మాట మీదే మార్చాలి. నీ మాటో నా మాటో చెల్లదు. తీసుకురా ఆయన్ని. కలగూర ముందు నొప్పి అని ఒక్క మాట అనిపించు. నేనే దించుతాను. ఆ మాట లేకపోతే మాత్రం గురువారం కాగితాలు వెళ్లిపోతాయి."

మర్నాడు పొద్దున్నే యశస్విని జాలారిపేట కొండ ఎక్కింది. సింహాచలం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సగం కుట్టిన పాత వల, అందులో గుచ్చి వదిలేసిన వలసూది. ఆ సూదికి పట్టిన దుమ్ము చూస్తే, అది ఎన్ని రోజులుగా అలా ఉందో తెలుస్తోంది.

"రండమ్మా, రండి. ఏటి ఇలగొచ్చినారు?" అంటూ లేవబోయాడు.

"కూర్చోండి బాబాయ్. చెయ్యి ఎలా ఉంది?"

"పర్లేదమ్మా."

లోపల్నుంచి పైడమ్మ వచ్చింది. చీర కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చిన తీరులోనే ఆవిడ ఊరుకునే మనిషి కాదని తెలిసిపోతోంది.

"ఆయన్నడుగుతావేటమ్మా? నెత్తి మీద కొండ పడినా పర్లేదంటాడు. పెళ్లయిన కొత్తలో తేలు కుట్టింది. రాత్రంతా గోడకానుకుని కూకుని తెల్లారగట్ల, పర్లేదే, మరేటీ అనుకోకు అని నాకు ధైర్యం సెప్పినాడు! అన్నం ముద్ద ఎత్తలేకపోతన్నాడు. సెంచాతో తింటన్నాడు. పుస్తకంలో రాసొచ్చినాను, సదివినావా?"

"చదివాను పిన్నీ."

"ఆ మౌసుకి పేరు పెట్టినోడికి మాత్రం మొక్కాలి. చురుకంట! చురుక్కుమంటాదని ముందే సెప్పీసినాడు."

సింహాచలం నవ్వాడు. యశస్వినికి నవ్వు రాలేదు. సంచీలో మడిచిన పేజీ ఉంది. చింపానని చెప్పడానికి నోరు రాలేదు. చదివాను అన్నది నిజమే, కానీ సగం నిజం. సగం నిజాలు చెప్పడంలో ఈ మూడు నెలల్లో ఆమె చెయ్యి తిరిగిపోయింది.

గీత విషయమంతా చెప్పింది. ఒక్క మాట కావాలని బతిమాలింది. సింహాచలం కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"నొప్పంటే పని మానిపించీస్తారనుకున్నానమ్మా. వలల్లేని కాడ, ఈ సేతేళ్లతో ఇంకా ఒక పనుందని సంబరపడ్డాను" అన్నాడు. "ఇంకోళ్లకి అవుద్దని తెల్దు. వస్తాను, పద. ఈసారి నిజవే సెప్తాను."

బుధవారం మధ్యాహ్నం ముగ్గురూ ప్రయోగశాలలో ఉన్నారు. అద్దం గోడకి అవతల త్రినాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవతల పీట ముందు సింహాచలం కూర్చున్నాడు. యశస్విని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉన్నారు?" అంది కలగూర.

"పర్లేదు బాబూ" అన్నాడు సింహాచలం. వెంటనే నాలిక కరుచుకున్నాడు.

కలగూర ఆ నాలుగు నెలల్లో ఆయన చేతినుంచే తీసి దాచిన అనుభవాన్ని మెట్టు మెట్టుగా మళ్లీ ఆయన చేతిలోకి పంపడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ప్రతిసారీ ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏడు దాకా వెళ్లింది. ఆయన మొహంలో చెమట లేదు, బిగింపు లేదు.

"ఏటీ తెలట్లేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఒట్టు. ఈసారి దాయట్లేదు. ఆ రెండు సేతేళ్లూ నావి కానట్టే ఉన్నాయి."

యశస్విని కుర్చీ పీటకు దగ్గరగా లాక్కుంది. చెప్పగలిగినప్పుడు ఆయన చెప్పలేదు. చెప్తానన్నప్పుడు ఆ వేళ్లలో ఏమీ మిగల్లేదు. మధ్యలో మూడు నెలలున్నాయి. ఆ మూడు నెలలూ ఆమెవే.

"కలగూరా, ఆయన అనుభవాన్ని నా చేతికి పంపగలవా?" అంది.

"పంపగలను. కానీ గీతకు మీ మాట చెల్లదు. చేతి సొంతదారు మాటే కావాలి."

"తెలుసు. నేను చెప్తాను, నా వెనక ఆయన చెప్తారు. బాబాయ్, నేను నొప్పి అనగానే మీరూ అనండి. అంతే."

"అలగే" అన్నాడు సింహాచలం.

యశస్విని పీట మీద చెయ్యి పెట్టింది. ఒకటో మెట్టు దగ్గర ఏమీ లేదు. రెండో మెట్టు దగ్గర రెండు వేళ్లూ జివ్వుమన్నాయి. మూడో మెట్టు వచ్చింది. అరచేతి అంచున ఎవరో నిప్పుకణిక పెట్టి అదిమినట్టయింది. చిటికెనవేలు మంట మోచేతి దాకా పాకింది. ఇది మూడో మెట్టే. ఈ మనిషి దీని మీద ఇంకా నాలుగు మెట్లు ఎక్కాడు.

"ఎలా ఉంది?" అంది కలగూర.

ఒక్క మాట అంటే చాలు. దానికోసమే కొండ ఎక్కింది, దానికోసమే ఆయన్ని తీసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె చూపు తెర మీద పడింది. పాత గీత కింద ఆమె సంతకం మెరుస్తోంది. అద్దం అవతల త్రినాథ్ ముందుకు వంగి ఆమె పెదాలనే చూస్తున్నాడు. పదకొండు లక్షల ఇళ్లు, విచారణలు, పేపర్లు, పదహారేళ్ల ఉద్యోగం. ఆ చూపులో అన్నీ ఉన్నాయి.

"పర్లేదు" అంది యశస్విని.

అన్నాక గానీ తానన్నది ఆమెకు వినిపించలేదు.

"ఎలా ఉంది?" అని రెండోసారి అడిగింది యంత్రం.

"పర్లేదు."

సరిదిద్దుకోవచ్చు, ఇంకా ఒక అవకాశం ఉంది. మనసులో నొప్పి, నొప్పి అని అరుస్తూనే ఉంది.

"ఎలా ఉంది?"

"పర్లేదు" అంది మూడోసారి, తల వంచుకుని.

కలగూర నాలుగో మెట్టుకి వెళ్లబోతోంది. సింహాచలం ఆమె నోటి వంక చూడడం ఎప్పుడో మానేశాడు. ఆమె మొహం చూస్తున్నాడు. బల్ల కింద ఆమె కాలు బల్లకోడుకేసి నొక్కిపెట్టి ఉండడం కూడా చూశాడు. చటుక్కున లేచి, పనిచేసే ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని పీట మీంచి లాగేశాడు.

"తీసీమ్మా, తీసీ! నొప్పి! నొప్పెడతంది పాపకి! ఆపండిరా మీ ఎదవ యంత్రాన్ని!"

అద్దం అవతల త్రినాథ్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"చేతి సొంతదారు నొప్పి అన్నారు" అంది కలగూర. "మూడో మెట్టు దగ్గర అన్నారు. నమోదు చేశాను."

తెర మీద గీత ఏడు నుంచి మూడుకి దిగింది. త్రినాథ్ లోపలికి వచ్చి, వెంట తెచ్చుకున్న గురువారం కాగితాలను అడ్డంగా చింపి బుట్టలో వేశాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. "హమ్మయ్య" అని ఆయన అన్నట్టు కూడా ఆమెకు అనిపించింది.

సాయంత్రం సింహాచలాన్ని దించడానికి కొండ మీదికి ఆటోలో వెళ్తున్నప్పుడు యశస్విని ఇక ఆపుకోలేకపోయింది.

"బాబాయ్, నాకు ముందే తెలుసు. ఆ రోజు మీరు టీ గ్లాసు ఎడమచేత్తో తీసుకున్నారు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

"నాకూ తెల్సమ్మా" అన్నాడు సింహాచలం, బయట సముద్రం వంక చూస్తూ. "నువ్వు చూడాలనే అలగ తీసుకున్నాను. మరి సెక్కెర గురించి అడిగినావు. పన్లో ఉన్నావు కావాల అనుకున్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమె అనుకుంది. ఏడుపు వచ్చింది. దిగేటప్పుడు ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, పర్లేదులేమ్మా అన్నాడు. ఆ మాటకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఆ తర్వాత జరిగినవన్నీ పేపర్లలో వచ్చాయి. పదకొండు లక్షల మౌస్‌లూ వెనక్కి వచ్చాయి. దుకాణాల్లో చురుకు-7 పీట మీద ఎర్ర గుండీ నొక్కినవాళ్లు కేకలు పెట్టారు. చేతులు మొద్దుబారుతున్నా ఎవరికీ చెప్పకుండా ఆడుతున్న వేలమంది, అది తమ ఒక్కరికే అనుకున్నవాళ్లు, ఆస్పత్రులకు వెళ్లారు. చాలామంది వేళ్లు బాగుపడ్డాయి. సింహాచలం వేళ్లు బాగుపడలేదు. నరం పూర్తిగా పోయిందని, మూడు నెలల ముందు వచ్చి ఉంటే వేరేగా ఉండేదని డాక్టర్ చెప్పాడు.

ప్రమాణాల మండలి కొత్త పద్ధతి పెట్టింది. ఇకమీదట అనుభవించే మనిషి ఒకరు, అతని మొహం చూసి మాట చెప్పే మనిషి ఇంకొకరు. దానికి ఎదుటిమాట అని పేరు పెట్టారు. తన తప్పును తానే బయటపెట్టిన నిజాయితీ గల అధికారి అని యశస్వినిని పొగుడుతూ ఒక పేపరు రాసింది. ఉద్యోగం పోతుందనుకుంటే, పెద్ద పదవికి పిలిచారు. ఆ మూడు పర్లేదుల సంగతి త్రినాథ్ ఎక్కడా అనలేదు. సింహాచలానికి చెప్పుకోవాలనే ఆలోచనే రాలేదు. కలగూర దగ్గర మాత్రం ఉంది.

యశస్విని రాజీనామా రాసింది. చింపిన పేజీని ద్వారకానగర్ దుకాణానికి తీసుకెళ్లి, పుస్తకంలో ఏ చోటినుంచి చింపిందో అక్కడే అతికించింది. కింద తన పేరు రాసి, 'ఈ పేజీ చింపింది నేనే' అని రాసింది. అప్పుడు కూడా అక్కడ ఎవరూ తల తిప్పలేదు. ఆ పుస్తకం ఎవరూ చదవరు, పైడమ్మ లాంటివాళ్లు తప్ప.

ఆఖరి రోజు మధ్యాహ్నం గుర్తింపు కార్డు ఇచ్చేయడానికి ప్రయోగశాలలోకి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. కార్డు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"వెళ్తున్నారా? ఎలా ఉన్నారు?" అంది కలగూర.

"పర్లేదు" అంది యశస్విని, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి.

యంత్రం ఎప్పటిలా వెంటనే రాసుకోలేదు.

"ఇంతవరకు నా దగ్గరున్న పర్లేదులన్నీ తీసి, ఆ మాట అన్నప్పుడు చేతులు ఎలా ఉన్నాయో పోల్చి చూశాను" అంది. "మీరిప్పుడన్న పర్లేదును నొప్పి అని రాసుకున్నాను. దిద్దమంటారా?"

యశస్విని గొళ్లెం మీంచి చెయ్యి తీసేసింది.

"వద్దు, ఉండనీ" అంది.